అసలు దెయ్యం, అరువు దెయ్యం

రీమేకులో దెయ్యం అసలు దానంత భయపెట్టదని చాలామంది అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను.

1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు'లో నిజానికి దెయ్యమే లేదు, జబ్బుపడిన మనసుంది. గంగ అనే మలయాళీ ఇల్లాలు ఉన్నట్టుండి తమిళంలో గర్జిస్తుంది. మన గుండె జారేది అక్కడే. శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఊరికే రాలేదు.

పి. వాసు కన్నడ 'ఆప్తమిత్ర' (2004), తమిళ 'చంద్రముఖి' (2005)లలో ఆ నర్తకిని తెలుగామెను చేశారు. హిందీ 'భూల్ భులయ్యా' (2007)లో ప్రియదర్శన్ బెంగాలీని చేశారు. మా బ్యాంకు లెక్కలో చెప్పాలంటే అసలు ఒకటే, వడ్డీ ఎవరికి వారు కట్టుకున్నారు. అందుకే అవి నిలబడ్డాయి. చంద్రముఖిలో నాకు నచ్చనిది ఒక్కటే: మూలంలో మోహన్‌లాల్ దాదాపు సగం కథ నడిచాక వస్తాడు, ఇక్కడ రజనీకాంత్ మొదట్లోనే ఫైటుతో దిగుతాడు. భయానికి చోటేదీ?

ఇదే కథను మన చంద్రపూర్‌లో తీస్తే? తెలుగు ఇల్లాలు మరాఠీలోకి దిగితే ఎవరూ ఉలిక్కిపడరు, రోజూ జరిగేదే. మా పిల్లలు నిద్రలో కలవరించేది కూడా మరాఠీలోనే. వాళ్ళు ఓ రాత్రి ఉన్నట్టుండి చక్కటి తెలుగు మాట్లాడితే మాత్రం ఇంటిల్లిపాదీ హడలిపోతాం.