బ్రేకు చేతికొచ్చిన కథ

హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మీద పక్కచక్రాలు బిగించిన స్కూటీలు కనిపిస్తూనే ఉంటాయి. కాళ్లు సహకరించని మనిషికి ఆ బండి సులువుగా అమరుతుంది. ఎందుకంటే గేర్లు లేని స్కూటర్లో యాక్సిలరేటరూ, రెండు బ్రేకులూ మొదటి నుంచీ చేతుల్లోనే ఉన్నాయి. బండి పడిపోకుండా కాలు ఆనించే పని ఆ చక్రాలు చూసుకుంటే చాలు. కారు సంగతి వేరు. బండిని ఉరికించేవీ, ఆపేవీ పాదాలే. వెన్నెముక దెబ్బతిన్న రేసర్ మళ్లీ ట్రాక్ ఎక్కాలంటే ఆ పనులు చేతికి రావాలి. హ్యాండ్ కంట్రోల్ పుట్టింది అందుకే.

దాని మామూలు రూపం ఒక కడ్డీ. ఒక కొస పెడళ్లకు, రెండో కొస స్టీరింగ్ పక్కనున్న పిడికి. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటర్. ఊళ్లో తిరగడానికి ఇది చాలు, రేసుకు చాలదు. యాక్సిలరేటర్‌కు వేళ్ల బలం సరిపోతుంది. ఫార్ములా కారు బ్రేకు పెడల్‌ను మాత్రం డ్రైవర్లు వంద కిలోలకు మించిన బలంతో తొక్కుతారు. పైగా మలుపులోకి దిగుతూ ఆ బ్రేకును కొద్దికొద్దిగా వదలాలి. సరిగ్గా అప్పుడే రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండాలి.

1980 మార్చి 30న అమెరికాలోని లాంగ్ బీచ్‌లో స్విస్ రేసర్ క్లే రెగజోనీ కారు బ్రేకు పనిచేయక గుద్దుకుంది. ఆయన నడుము కింది భాగం చచ్చుబడింది. అయినా చేతులతో నడిపే వాహనాలతో డాకర్ ర్యాలీ దాకా వెళ్లాడు.

2001లో జర్మనీలోని ఒక ట్రాక్ మీద రేసు ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఇటలీ రేసర్ అలెక్స్ జనార్దీ, 2003లో అదే ట్రాక్‌కు వచ్చి ఆనాడు మిగిలిపోయిన 13 ల్యాపులు పూర్తి చేశాడు. తర్వాత బీఎండబ్ల్యూ కారులో యాక్సిలరేటర్ స్టీరింగ్ మీది రింగుకు మారింది. బ్రేకు మాత్రం కృత్రిమ కాలితోనే తొక్కేవాడు. 2019 డేటోనా 24 గంటల రేసుకు దాన్నీ చేతి లీవర్‌గా మార్చారు. కృత్రిమ కాళ్లు పక్కన పెట్టి నడిపాడు.

కెనడా రేసర్ రాబర్ట్ వికెన్స్‌కు 2018లో వెన్నెముక దెబ్బతింది. స్టీరింగ్ వెనక బిగించిన బ్రేకు రింగుతో 2023లో టీసీఆర్ తరగతి కార్ల టైటిల్ గెలిచాడు. 2025లో ఆయన కార్వెట్ రేసు కారుకు బాష్ వారి ఎలక్ట్రానిక్ బ్రేకు వచ్చింది. చెయ్యి ఎంత అడిగిందో సెన్సర్ కొలుస్తుంది, ఆ మేరకు ఒత్తిడిని యంత్రమే పుట్టిస్తుంది. కండబలం అక్కర్లేదు. ఆ కారుతో ఆయన తొలి రేసు లాంగ్ బీచ్‌లోనే. రెగజోనీని బ్రేకు మోసం చేసిన 45 ఏళ్లకు, అదే ఊళ్లో బ్రేకు చేతివేళ్లకు లొంగింది.

మన దేశంలో పారా క్రీడాకారిణి దీపా మలిక్ చేతులతో నడిపేలా మార్చిన వాహనానికి ర్యాలీ లైసెన్సు సంపాదించి, 2009లో రెయిడ్ ద హిమాలయలో పాల్గొన్నారు. మోటారు వాహనాల చట్టం ఒకప్పుడు ప్రత్యేకంగా తయారైన బండినే వికలాంగుల వాహనంగా లెక్కించేది. 2019 సవరణ మార్పులు చేయించుకున్న మామూలు బండినీ చేర్చింది.

ఇక రేసింగ్ సరదా మొదలుపెట్టడానికి చవకైన బండి గో-కార్ట్. మేడ్చల్ రోడ్డులో దొరికేదే. క్లచ్ పెడల్ ఉండదు. ఎడమ కాలికి బ్రేకు, కుడి కాలికి యాక్సిలరేటర్, అంతే. బండి తేలిక కాబట్టి బ్రేకు బలమూ చేతికి అందేదే. అసలు చిక్కు కూర్చోవడంలో ఉంది. నడుములో పట్టులేని మనిషి మలుపులో ఒరగకుండా సీటే పట్టి ఉంచాలి. స్పర్శ లేని కాలు ఇంజన్ వేడికి కాలినా తెలియదు, దానికి అడ్డు కట్టాలి. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్లు సొంతంగా కార్ట్ చేయాలనుకుంటే ముందు పట్టుకోవాల్సినవి ఈ రెండు. బ్రేకును చేతికి తేవడమెలాగో వాళ్లకు దారి వేసినవాళ్లు ఉన్నారు.