హిమగిరిపై విడువరాని తోడు

గూడూరు జంక్షనులో బండి మారి తిరుపతికి సాగే భక్తునికీ, రాపూరు మీదుగా వెలిగొండల నడుమనున్న పెంచలకోన నరసింహస్వామి సన్నిధికి తరలే కుటుంబానికీ కొండ పరాయిది కాదు. కొండ ఎక్కడమంటే మనకు దేవుని వద్దకు వెళ్లడమే. అలిపిరి మెట్లపై అలసిన వృద్ధుల చేయి పట్టుకుని నాలుగు మెట్లు ఎక్కించడం కూడా స్వామిసేవగానే భావిస్తాం. మరి మంచు కురిసే, ఈదురుగాలి వీచే మహాపర్వతంపై తోటి యాత్రికుడు కూలబడితే ఏది ధర్మం? ముందుకు సాగి పుణ్యం దక్కించుకోవడమా? అతనితో ఆగిపోవడమా?

ధర్మరాజు సమాధానం

ఈ ప్రశ్నకు మహాభారతం మహాప్రస్థానిక పర్వంలో సమాధానమిచ్చింది. తిక్కన సోమయాజి మన నెల్లూరు సీమలోనే ఆ పర్వాన్ని తెనుగు చేశాడు. హిమవంతాన్ని దాటి సాగుతున్న పాండవులలో మొదట ద్రౌపది, ఆపై సహదేవ నకులార్జున భీములు వరుసగా నేలకొరిగారు. చివరకు ధర్మరాజు వెంట మిగిలింది ఒక శునకం మాత్రమే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదలి రమ్మన్నాడు. తమ్ములనే విడిచినవాడివి, కుక్కను విడువలేవా అని నిలదీశాడు. ప్రాణాలు పోయినవారిని తాను బ్రతికించలేడు గనుకనే ముందుకు నడిచానని, బ్రతికి ఉండగా ఎవరినీ విడువలేదని ధర్మరాజు బదులిచ్చాడు. నమ్మి వెంట వచ్చిన ప్రాణిని వదలి పొందే స్వర్గం తనకు అక్కరలేదన్నాడు. అప్పుడు ఆ శునకమే ధర్మదేవతగా సాక్షాత్కరించింది.

మన సీమ బిడ్డ

ఈ నేలపైనే, నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘంలో, పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు జన్మించాడు. 2006లో 172 దినాలలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ అధిరోహించాడు. 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో, ప్రతికూల వాతావరణంలో ఒంటరిగా సాగి అదృశ్యమయ్యాడు. మిత్రులు ఊరుకోలేదు. వేల మైళ్ల దూరం నుంచే గాలింపుకై ప్రభుత్వాలను అర్థించారు. ఏప్రిల్ మొదటివారంలో ఆయన పార్థివదేహం లభించింది. నెల చివరకు స్వగ్రామం చేరి, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. బ్రతికించుకోలేకపోయినా, మిత్రులు ఆయనను ఆ మంచులో విడిచిపెట్టలేదు.

కైలాస యాత్రికునికి

2020లో నిలిచిన కైలాస మానససరోవర యాత్ర 2025లో పునఃప్రారంభమైంది. 6,638 మీటర్ల కైలాస శిఖరాన్ని ఎవరూ అధిరోహించరు, ప్రదక్షిణమే ఆచారం. ఆ మార్గంలో దాదాపు 5,600 మీటర్ల ఎత్తున డోల్మా లా కనుమ ఉంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సుమారు సగమే. మన కోస్తా మైదానాలవారికి అది కఠిన పరీక్ష. తలనొప్పి, వాంతులు ఆ ఎత్తు పడలేదనడానికి తొలి సూచనలు. అడుగు తడబడినా, మాట తికమకపడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ప్రాణాపాయమని గ్రహించి, ఆలస్యం చేయక కిందికి దింపాలి. అట్టివారిని ఒంటరిగా పంపరాదు. తోడుగా ఒకరు దిగిరావాలి.

ఎన్నేళ్లో కూడబెట్టిన ధనంతో, ఎన్నో మొక్కులతో అంతదూరం వెళ్లి, కనుమ ముంగిట వెనుదిరగడం తేలిక కాదు. ప్రదక్షిణం సగంలో ఆగిందే అని మనసు కుములుతుంది. కానీ ధర్మరాజు సాక్షాత్తు స్వర్గరథాన్నే వద్దన్నాడు కదా!

కనుక యాత్రకు బయలుదేరే మిత్రులు ఇంటివద్దే, దేవుని ఎదుట ఒక సంకల్పం చెప్పుకోవాలి: మనలో ఎవరికి శక్తి చాలకపోయినా, ఒకరు తోడుగా దిగివస్తామని. అలా దిగివచ్చిన అడుగులను కూడా పరమేశ్వరుడు తన ప్రదక్షిణంగానే స్వీకరిస్తాడని మన విశ్వాసం.