దీర్ఘకాల చికిత్సలో రోగికి ఆప్తుల తోడు

వెన్నెముక దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారికి ఆసుపత్రి వాసం వారాలతో ముగియదు, నెలలు పడుతుంది. మొదటి వారం బంధువులందరూ ఒకేసారి వెళ్లడం, రెండవ నెలలో ఎవరూ కనిపించకపోవడం మన ఊళ్లలో పరిపాటి. రోగి మనసు కుంగేది అప్పుడే. కనుక వంతులు వేసుకొని వెళ్లాలి.

స్పర్శ లేని శరీరానికి పుండు నొప్పి తెలియదు. రోగిని రెండు గంటలకొకసారి, రాత్రివేళ సైతం, ప్రక్కకు తిప్పాలి; పిరుదులు, మడమల వద్ద చర్మం రంగు మారిందేమో చూడాలి. ఈ పనిని నర్సు వద్ద నేర్చుకొని, తరువాతి వంతువారికి నేర్పాలి. వైద్యులు తమిళంలోనో కన్నడంలోనో చెప్పినది రోగికి తెలుగులో వివరించాలి.

వేలూరులో 1966లో పునరావాస కేంద్రాన్ని నెలకొల్పిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడకను కోల్పోయినవారే. చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె శస్త్రచికిత్సలు చేశారు. జాలి మాటలు మాని, ఆ సంగతి రోగికి చెప్పండి.