గతాన్ని మార్చగలమా? ఒక వీడియో గేమ్ ఊహ, మన బళ్లారి కథ

‘ఆదిత్య 369’ పేరు చెబితే మన ఇళ్లలో పెద్దల ముఖాలు వెలుగుతాయి. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ఆ సినిమాలో బాలకృష్ణ కాలయంత్రం ఎక్కి 1526 నాటి కృష్ణదేవరాయల కొలువుకు వెళ్తాడు, ఆ తర్వాత 2504లోకి వెళ్తాడు. ఆ కొలువు ఉన్న హంపి మనకు పొరుగూరే. 2021లో విజయనగర జిల్లా ఏర్పడేదాకా అది మన బళ్లారి జిల్లాలోనే ఉండేది. అందుకే ఆ సినిమాను మనం కొంచెం సొంతంగా చూసుకుంటాం.

మన పిల్లలు ఇలాంటి కథలనే వీడియో గేముల్లో ఆడుతున్నారు. వాటిలో ఒక పాత ఆట చుట్టూ అభిమానులు అల్లిన ఊహ ఒకటి ఏళ్ల తరబడి చర్చల్లో నలుగుతోంది. పిల్లలు దాని గురించి మాట్లాడుకుంటుంటే పెద్దలకూ అర్థం కావాలని ఇక్కడ వివరిస్తున్నాం.

ఆ ఆట పేరు ‘ఫైనల్ ఫాంటసీ 8’. జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ 1999లో విడుదల చేసింది. ఇది రోల్ ప్లేయింగ్ గేమ్. అంటే ఆడేవారు ఒక పాత్రలోకి ప్రవేశించి కథను ముందుకు నడిపిస్తారు. కథానాయకుడు స్క్వాల్, నాయిక రినోవా. సీడ్ అనే యోధులకు శిక్షణనిచ్చే గార్డెన్ అనే విద్యాలయంలో స్క్వాల్ చదువుతాడు. చాలా తరాల తర్వాతి కాలానికి చెందిన అల్టిమీసియా అనే మంత్రగత్తె భూత భవిష్యత్ వర్తమానాలన్నిటినీ ఒకటిగా కుదించాలని చూస్తుంది. ఈ లోకంలో మంత్రగత్తె తన శక్తిని మరొకరికి అప్పగించకుండా ప్రశాంతంగా కన్నుమూయలేదు.

ముగింపులో అసలు చిక్కు ఉంది. ఓడిపోయిన అల్టిమీసియా చివరి ఊపిరితో గతంలోకి, స్క్వాల్ చిన్ననాడు పెరిగిన అనాథాశ్రమం దగ్గరికి చేరుతుంది. ఆశ్రమం నడిపే ఈడియా అనే ఆమె, పిల్లలకు ఏ హానీ జరగకూడదని ఆ శక్తిని తానే తీసుకుంటుంది. వెనకే వచ్చిన స్క్వాల్ ఆమెకు గార్డెన్ గురించి, సీడ్ గురించి చెబుతాడు. ఆ మాటలు ఆమె వినడం అదే మొదటిసారి. మరి గార్డెన్ ఆలోచన మొదట ఎవరికి వచ్చింది? ఈడియా స్క్వాల్ నోట విన్నది. స్క్వాల్ ఈడియా ఆలోచనతో మొదలైన చోట చదివాడు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు, దీనికి మొదలూ లేదు, చివరా లేదు.

ఇంతవరకూ ఆటలో ఉన్నదే. అభిమానుల ఊహ ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆ అల్టిమీసియా మరెవరో కాదు, ఎన్నో తరాలు బతికి, స్క్వాల్‌ను పోగొట్టుకుని మనసు విరిగిన రినోవాయే అంటారు. వాళ్లు చూపే ఆధారాలు కొన్ని ఉన్నాయి. కథలో రినోవాకూ మంత్రగత్తె శక్తి వస్తుంది. స్క్వాల్ ఉంగరం మీద గ్రీవర్ అనే సింహం బొమ్మ ఉంటుంది, చివరి పోరులో అల్టిమీసియా రప్పించే మృగం పేరూ అదే. ఇద్దరూ ఎప్పుడైనా విడిపోతే ఆశ్రమం దగ్గరే కలుసుకోవాలని మాట ఇచ్చుకుంటారు, అల్టిమీసియా కోట గొలుసులు దిగేదీ ఆ చోటికే. అల్టిమీసియా పూర్వజీవితం గురించి ఆట ఏమీ చెప్పదు కాబట్టి ఆ ఖాళీలో ఈ ఊహ చక్కగా ఇమిడిపోతుంది.

ఆటకు దర్శకుడైన యోషినోరి కితాసే మాత్రం 2019లో ఒక ఇంటర్వ్యూలో ఇది నిజం కాదని తేల్చి చెప్పారు. ఇద్దరూ మంత్రగత్తెలే కాబట్టి ఆ మేరకు పోలిక ఉందని మాత్రం ఒప్పుకున్నారు. అయినా ఊహ ఆగలేదు. ఆడినవాళ్లకు కావలసింది దర్శకుడి ఉద్దేశం కాదు. ప్రేమించిన మనిషే చివరికి శత్రువుగా ఎదురైతే ఎలా ఉంటుందన్న బాధను వాళ్లు ఈ ఊహతో కొలుచుకుంటున్నారు.

అదే సంస్థ 1995లో ‘క్రోనో ట్రిగ్గర్’ అనే మరో ఆట తెచ్చింది. అందులో 1999లో లోకం నాశనమవుతుందని తెలిసిన పిల్లలు కాలంలో ముందుకూ వెనక్కీ తిరిగి ఆ రాతను మారుస్తారు. అంటే కాలయాత్ర కథలు ప్రధానంగా రెండు రకాలు. ఒకదానిలో గతం మారుతుంది. రెండోదానిలో గతాన్ని ఎంత కదిలించబోయినా, ఆ కదిలించడం కూడా గతంలో ముందే భాగమై ఉంటుంది.

ఖాళీలను ఊహతో పూరించే అలవాటు మనకు కొత్త కాదు. తెనాలి రామకృష్ణుడు రాయల తర్వాతి కాలంవాడని చాలామంది సాహిత్య చరిత్రకారుల అభిప్రాయం. అయినా జనం ఆయనను తీసుకెళ్లి రాయల కొలువులోనే కూర్చోబెట్టారు. పండితులు ఎంత కాదన్నా ఆయన అక్కడి నుంచి లేవలేదు. ‘ఆదిత్య 369’లోనూ అక్కడే ఉన్నాడు.

సినిమా కన్నా ముందు మన ఊరి నాటకరంగం ఆ పని చేసింది. బళ్లారి వకీలు కోలాచలం శ్రీనివాసరావు విజయనగర పతనాన్ని ‘రామరాజు చరిత్ర’ నాటకంగా రాశారు. అందులో పఠాన్ రుస్తుం వేషం బళ్లారి రాఘవకు గొప్ప పేరు తెచ్చింది. 1565లో కూలిన రాజ్యం మన వేదిక మీద ప్రతి ప్రదర్శనలో మళ్లీ కూలేది. చూసినవాళ్లకు ముగింపు ముందే తెలుసు, అయినా వెళ్లేవారు.

మన పెద్దల మాటల్లో మరో ‘అయితే’ వినిపిస్తూనే ఉంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ రోజు వేరేలా జరిగి ఉంటేనో? ‘క్రోనో ట్రిగ్గర్’ మాదిరి యంత్రం ఎవరి దగ్గరా లేదు. పైగా కన్నడ ఇరుగుపొరుగుతో ఇన్నేళ్లుగా కలిసి పండించుకున్న బతుకును చెరిపేసుకోవాలని మనలో ఎవరూ కోరుకోరు. ‘కన్నడ రాజ్య రమారమణ’ అనిపించుకున్న రాయలే తెలుగులో ‘ఆముక్తమాల్యద’ రాశాడు. మనకు అంతకన్నా ఆదర్శం ఏం కావాలి?

స్క్వాల్ ఈడియాకు ఇచ్చింది ఆయుధం కాదు, రెండు పేర్లు మాత్రమే. ఆమె వాటిని దాచి పెట్టుకుంది కాబట్టే పిల్లలకు ఒక బడి నిలిచింది. బడిలో కన్నడ, ఫోన్‌లో ఇంగ్లీషు నడిచే మన పిల్లలకు తెలుగు మాట ఇంట్లోనే అందాలి. వాళ్లు ఆ ఆట కథ చెబుతుంటే కాసేపు కూర్చుని విందాం. ఆ తర్వాత రాఘవ కథ, హంపి కథ మనం చెబుదాం.