మూసిన కప్పులో మిగిలిన మోత

ఏ హెడ్‌ఫోనైనా రెండు వైపులా మోగుతుంది. లోపలున్న పల్చటి పొర చెవి వైపు గాలిని నెట్టినప్పుడు, అదే క్షణంలో వెనక వైపు గాలిని లాగుతుంది. చెవిలోకి ఎంత పాట వెళ్తుందో వెనక్కీ దాదాపు అంతే పాట వెళ్తుంది, కాకపోతే తిరగబడి. ఈ వెనకపాటను ఏం చేయాలి? జాలీ పెట్టి గదిలోకి వదిలేస్తే అది ఓపెన్ బ్యాక్. కప్పు బిగించి మూసేస్తే క్లోజ్డ్ బ్యాక్. రెండు మూడు లక్షల రూపాయలు పలికే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్లలో ఒకదానికీ మరోదానికీ తేడా చాలావరకు ఇక్కడే ఉంది: మూసిన కప్పులో చిక్కుకుపోయిన ఆ పాటను ఎవరు ఏం చేశారన్నది.

మూయడం సులువే. మూశాక లోపలి మోతను చల్లార్చడమే కష్టం. సామాన్లు ఇంకా దించని కొత్త ఇంట్లో మాట్లాడితే మన మాటే మనకు ఎదురొచ్చి గింగురుమంటుంది కదా, కప్పులో జరిగేదీ అదే. గోడకు తగిలి వెనక్కొచ్చిన శబ్దం పొరను మళ్లీ కదిలిస్తుంది, పొరను దాటుకుని చెవిలోకీ వచ్చేస్తుంది. మైక్రాన్లలో కొలిచే మందం ఉన్న పొర దాన్ని ఏం ఆపుతుంది?

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 50 హెర్ట్జ్ బేస్ మోతకు ఒక్కో తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడుగు తరంగానికి కప్పులోని గాలంతా కలిసి ఒక్క స్ప్రింగు పని చేస్తుంది. ఆ స్ప్రింగు బిగువును బట్టి బేస్ ఉబ్బుతుంది, లేదంటే చిక్కిపోతుంది. 5,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి తరంగం 7 సెంటీమీటర్లకు, 10,000 దగ్గర మూడున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. కప్పు కొలతలు సరిగ్గా అవే. దాంతో గోడకీ గోడకీ మధ్య నిలబడిపోయే తరంగాలు పుట్టి, కొన్ని ధ్వనులు పొడుచుకొస్తాయి, కొన్ని మాయమవుతాయి. ‘డబ్బాలో పాడినట్టుంది’, ‘బేస్ బొంగురుగా ఉంది’, ‘స అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటోంది’ అని క్లోజ్డ్ బ్యాక్ మీద వినిపించే పాత ఫిర్యాదులు చాలావరకు ఇక్కడివే.

మరి ఇంత తలనొప్పి ఎందుకు పెట్టుకున్నట్టు? నిజానికి మొదట తల మీదికి ఎక్కినవన్నీ ఇంచుమించు మూసినవే. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్‌విన్ 1910 ప్రాంతంలో ఇంటి వంటగదిలో చేసి నౌకాదళానికి పంపినవి అలాంటివే. జర్మనీలో బేయర్ సంస్థ 1937లో తెచ్చిన డీటీ 48, జాన్ కాస్ 1958లో స్టీరియో వినడం కోసం మార్కెట్లోకి తెచ్చిన ఎస్‌పీ/3 కూడా అంతే. వెనక భాగం తెరిచిన సెన్‌హైజర్ హెచ్‌డీ 414 వచ్చింది 1968లో. దాని తర్వాత ఇంట్లో తీరిగ్గా పాటలు వినేవాళ్లు ఓపెన్ బ్యాక్ వైపు మళ్లారు. స్టూడియోలు మాత్రం కదల్లేదు. గాయని మైకు ముందు నిలబడి పాడుతున్నప్పుడు ఆమె చెవిలో మోగే వాద్యాలు, తాళం టిక్కులు బయటికి కారితే అవన్నీ మైకులోకి ఎక్కిపోతాయి. అందుకే 1985లో వచ్చిన బేయర్‌డైనమిక్ డీటీ 770, 1991లో వచ్చిన సోనీ ఎండీఆర్-7506 లాంటి మోటు పనిముట్లు ఈనాటికీ రికార్డింగ్ గదుల్లో కొక్కేలకు వేలాడుతుంటాయి. వాటి ట్రెబుల్ కాస్త కరుకు. అయితేనేం, పాటలో చిన్న చిటపట ఉన్నా పట్టిస్తాయి.

ఖరీదైన క్లోజ్డ్ బ్యాక్ అనగానే సేకరణదారులు ఇప్పటికీ తలచుకునేది సోనీ ఎండీఆర్-ఆర్10. 1989లో వచ్చింది, అమెరికాలో 2,500 డాలర్లు. కప్పుల్ని జపాన్‌లో రెండు వందల ఏళ్లు పెరిగిన జెల్కోవా చెట్ల కలపతో చెక్కారు. పొర ఇంకా విచిత్రం: బ్యాక్టీరియా పెంచిన సెల్యులోజ్‌తో చేసింది. ఆ కలప మహిమే ఆ శబ్దం అని నమ్మేవాళ్లు ఎందరో. ఈ విషయంలో కొంచెం అనుమానంగా ఉండటమే మంచిది. కప్పు ఆకారం, లోపలి ఖాళీ, గోడలకు అతికించిన మెత్తటి పదార్థం, ఈ మూడూ చేసే మార్పుతో పోలిస్తే అది ఏ చెట్టు కలపన్నది చిన్న విషయం. అయినా చెక్క మీద మోజు తగ్గలేదు. డెనాన్ 2018లో ఏహెచ్-డీ9200కి షికోకు దీవిలోని కోచి ప్రాంతపు వెదురు వాడింది. ఫోస్టెక్స్ టీహెచ్900కి ఎర్రటి ఉరుషి లక్క పూత పూసింది. ఆ పూత అందం గురించి రెండో మాట లేదు. శబ్దం మాత్రం బేస్, ట్రెబుల్ రెండూ పైకి లేచి, గొంతు రెండడుగులు వెనక నిలబడినట్టు ఉంటుంది.

వెనకపాటను ఏం చేయాలన్న అసలు ప్రశ్నకు నేరుగా జవాబు వెతికినవాళ్ల కథలు ఇంతకన్నా ఆసక్తిగా ఉంటాయి.

సెన్‌హైజర్ దగ్గర హెచ్‌డీ 800 అనే పేరున్న ఓపెన్ బ్యాక్ ఉండేది. వేదిక విశాలంగా పరిచినట్టు వినిపించడం దాని గొప్ప. దాన్ని మూసి 2018లో హెచ్‌డీ 820 చేశారు, సుమారు 2,400 డాలర్లకు. మూతగా పెట్టింది గాజు! లోపలికి వంపు తిరిగిన గాజు వెనకపాటను పక్కకు మళ్లించి, అంచుల్లో ఉన్న పీల్చే గదుల్లోకి పంపుతుంది. ఆలోచన చక్కగానే పనిచేసింది. మూసిన హెడ్‌ఫోన్‌లో అంత విశాలత అరుదు. కాని కొలతల్లో 300 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక లోయ తేలింది. మగ గొంతుకు నిండుదనం ఇచ్చేది సరిగ్గా ఆ ప్రాంతమే. దాంతో కింది బేస్ బలంగా ఉన్నా, దాని పైన గొంతు పల్చబడినట్టు అనిపిస్తుంది. ఘంటసాల లాంటి గంభీరమైన కంఠం వినేవాళ్లకు ఇది చిన్న లోపం కాదు.

ఫ్రాన్స్‌లోని సెంటెటియెన్‌లో తయారయ్యే ఫోకల్ స్టెలియా 2019లో వచ్చింది, 3,000 డాలర్లకు ఒక్కటి తక్కువ. దీని బలం పొరలో ఉంది: 40 మిల్లీమీటర్ల బెరీలియం గుమ్మటం. బెరీలియం చాలా తేలిక, చాలా గట్టి. దాని ధూళి పీలిస్తే విషం కాబట్టి తయారీలో జాగ్రత్తలూ ఎక్కువే. తేలికైన పొర చప్పున కదిలి చప్పున ఆగుతుంది. మృదంగం వలంతల (కుడి వైపు) మీద వేలు తగిలిన తొలి క్షణం స్టెలియాలో చురుక్కున వినిపిస్తుంది. అదే చురుకు, పదునుగా రికార్డు చేసిన పాటల్లో కాసేపటికి చెవికి అలసటగానూ మారుతుంది. అయితే దీని విద్యుత్ నిరోధం (ఇంపీడెన్స్) 35 ఓమ్‌లే కాబట్టి మామూలు ప్లేయర్‌తోనూ గట్టిగా మోగుతుంది.

శాన్ డియాగోలోని డాన్ క్లార్క్ దారి వేరు. ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీ అనే చౌక మోడల్‌ని విప్పి, సవరించి అమ్మడంతో మొదలైన మనిషి. 2021లో ఆయన సంస్థ తెచ్చిన స్టెల్త్ ధర 4,000 డాలర్లు. మామూలు గుండ్రటి డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) బదులు అయస్కాంతాల మధ్య వెడల్పాటి పల్చటి రేకు కదిలే ప్లానార్ పద్ధతి ఇది. చెవికీ ఆ పొరకీ మధ్య ‘మెటామెటీరియల్’ అని పిలిచే ఒక పలక ఉంటుంది. అందులో రకరకాల పొడవుల సన్నటి గొట్టాలు, గదులు. ఒక్కో గొట్టం ఒక్కో పౌనఃపున్యాన్ని మింగేస్తుంది. పొడుచుకొచ్చే ధ్వనుల్ని ఒక్కొక్కటిగా ఏరేసినట్టే. ఫలితం నిజంగా ఆశ్చర్యం: ఏ భాగమూ మిగతావాటిని తోసుకుని ముందుకు రాదు. ఇంత సమంగా మోగడమే కొందరికి చప్పగా తోస్తుంది. దాన్ని నడపాలంటే బలమైన యాంప్లిఫైయర్ కావాలి, ఫోనుకు తగిలిస్తే నీరసంగా పలుకుతుంది. అదే పలకతో 2023లో వచ్చిన ఈ3 ధర సగమే. బుద్ధిగా డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లు దాని దగ్గరే ఆగాలి.

సోనీ 2016 నాటి ఎండీఆర్-జెడ్1ఆర్ ఇంకో తమాషా. క్లోజ్డ్ అనే పేరే గాని, పూర్తిగా మూయలేదు. కెనడా సూదాకు చెట్ల గుజ్జుతో చేసిన వడపోత గుండా కప్పు కొంచెం ఊపిరి పీలుస్తుంది. లోపల చిక్కుకున్న గాలి మోగకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. 70 మిల్లీమీటర్ల డ్రైవర్ కాబట్టి బేస్ దండిగా ఉంటుంది.

ఇన్ని తేడాలూ చెవిలో నిలవాలంటే ఒక షరతు ఉంది: కప్పు అంచునున్న మెత్తటి ప్యాడ్ తలకు గాలి చొరకుండా అంటుకోవాలి. అంటుకుంటే పొర కదలిక నేరుగా కర్ణభేరి మీద ఒత్తిడి పెడుతుంది, అట్టడుగు బేస్ కూడా చెవిదాకా వస్తుంది. కళ్లద్దాల కాడ, చెవి బుట్టలు, ఒత్తుగా దువ్విన జుట్టు, వీటిలో ఏది చిన్న సందు వదిలినా ముందు పారిపోయేది బేసే. హెచ్‌డీ 820లో ఈ సంగతి కళ్లద్దాలవాళ్లకు మరీ తెలిసొస్తుంది. ఒకే హెడ్‌ఫోన్ గురించి ఒకరు ‘బేస్ అదిరింది’ అనీ, మరొకరు ‘అసలు బేసే లేదు’ అనీ అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. బ్లూటూత్ రకాల్లో ఈ ఇబ్బందికి వేరే మందు దొరికింది. 2020లో వచ్చిన ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ కప్పు లోపలి మైకుతో చెవి దగ్గర ఎంత బేస్ మిగిలిందో విని, తగ్గిన మేర నింపుతుంది. లక్షలు పోసిన వైర్ల హెడ్‌ఫోన్లకు ఆ తెలివి లేదు.

పోలిక పెట్టేటప్పుడు మనసు చేసే మోసం మరొకటి. రెండింటిలో ఒకటి ఒక్క డెసిబెల్ గట్టిగా మోగినా అదే బాగుందనిపిస్తుంది, గట్టిగా ఉందని మాత్రం తెలియదు. దుకాణంలో పది నిమిషాల్లో తేల్చేసేవాళ్లు చాలాసార్లు ఎంచుకునేది మంచి హెడ్‌ఫోన్‌ని కాదు, గట్టిగా మోగేదాన్ని. బరువు, తోలు మెత్తదనం, పెట్టె అందం కూడా చెవికి సలహాలిస్తాయి. హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ దీనికో ఉపాయం చేశారు. వేర్వేరు హెడ్‌ఫోన్ల శబ్ద గుణాన్ని ఈక్వలైజర్‌తో ఒకే హెడ్‌ఫోన్‌లో అనుకరించి వినిపించారు. తల మీద ఉన్నది మారదు కాబట్టి వినేవాళ్లకు బ్రాండ్ తెలిసే వీలే లేదు. ఈ పదేళ్ల పైబడిన పరిశోధనలో ఎక్కువమందికి నచ్చే శబ్దం, ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా మోగాలో చూపే ఒక గీతగా తేలింది. మంచి గదిలో మంచి స్పీకర్లు మోగినట్టు, బేస్ కాస్త లేచి, 3,000 హెర్ట్జ్ దగ్గర చెవి నాళం సహజంగా పెంచే మోతకు చోటిచ్చి ఉండే గీత అది. స్టెల్త్ దానికి దగ్గరగా పోతుంది.

మరి ధర? 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పక్కపక్కన పెట్టి చూశాడు. శబ్ద గుణానికీ చిల్లర ధరకూ పొంతన కనపడలేదు. అంటే ఖరీదైనవన్నీ దండగని కాదు. స్టెల్త్ పలకలోని ఆలోచన, స్టెలియా పొరలోని పనితనం చౌక వస్తువులో దొరకవు. కాని ఎక్కువ డబ్బు పోశాం కాబట్టి సమంగా మోగి తీరాలన్న నియమం మాత్రం లేదు.

తెలుగు శ్రోత దగ్గర పరీక్షకు పనికొచ్చే పాటలకు కొదవ లేదు. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనో. రెండు చెవుల్లో ఒకే శబ్దం కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. కొంచెం పక్కకు జరిగిందంటే రెండు డ్రైవర్లు జోడు కుదరలేదన్నమాట. లేదంటే ఒక వైపు ప్యాడ్ సరిగ్గా ఆనలేదు. 1989లో వచ్చిన గీతాంజలిలో ఇళయరాజా బేస్ గిటార్, పైన బాలసుబ్రహ్మణ్యం గొంతు. బేస్ ఉబ్బిన హెడ్‌ఫోన్‌లో గిటార్ స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గొంతు మీదికి పొగలా ఎక్కుతాయి. కర్ణాటక సంగీతంలోనైతే తంబూర ఒక్కటి చాలు. ఆ శ్రుతి ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది కాబట్టి కప్పు లోపలి మోతలో ఏ స్వరం పొడుచుకొస్తోందో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. మృదంగం తొప్పి (ఎడమ వైపు) దెబ్బ మోగి ఆగాలి, మోగి ఈడ్చుకుంటూ పోకూడదు.

మూసిన కప్పు వల్ల బయటి హోరు తగ్గుతుంది కాబట్టి శబ్దం తక్కువ పెట్టుకుని వినొచ్చు. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రైల్లో ఆ హద్దులో వినడానికి గాని, ఫ్యాను కింద పక్కమంచం మీద మరొకరు నిద్రపోతున్న గదిలో వినడానికి గాని ఓపెన్ బ్యాక్ పనికిరాదు.

ఇక ప్యాడ్లు. ఇవి అరిగే భాగాలు. తోలు పగిలి నురుగు కుంగితే చెవికీ పొరకీ మధ్య దూరం తగ్గుతుంది, అంటుకునే పట్టూ సడలుతుంది. బేస్, ట్రెబుల్ రెండూ మారిపోతాయి. షికాగోలో చెక్క కప్పులతో హెడ్‌ఫోన్లు చేసే జెడ్‌ఎంఎఫ్ ఒకే మోడల్‌కు రకరకాల తోళ్లతో, మందాలతో ప్యాడ్లు అమ్ముతుంది. ఏది తొడిగితే ఆ శబ్దం. కాబట్టి మూడేళ్లు వాడిన స్టెలియానో స్టెల్త్‌నో ఎవరైనా సగం ధరకు ఇస్తానంటే ముందు అడగాల్సింది ప్యాడ్లు ఎప్పుడు మార్చారని. తర్వాత కంపెనీవి కొత్త జత ఎంతో కనుక్కుని ఆ ధరకు కలపాలి. బయట దొరికే చౌక ప్యాడ్ల మందం తేడాగా ఉంటే, చేతికొచ్చేది పేరుకు మాత్రమే ఆ హెడ్‌ఫోన్.