బాబూనా పానీయం: మనశ్శాంతికి ఒక చిన్న ఔషధం

పరీక్షలు సమీపించిన కొలదీ నిద్ర తగ్గుతుంది. మనస్సు నిలకడ తప్పుతుంది. చదివినదంతా మరచిపోతామేమో అనే భయం పెరుగుతుంది. అట్టి సమయంలో పలువురు విద్యార్థులు అర్ధరాత్రి వరకు టీ మీద టీ త్రాగుతారు. దానివలన మెలకువ వస్తుందే కాని శాంతి రాదు. ఇంటివద్ద పది నిమిషాలలో తయారు చేసుకొనదగిన బాబూనా పానీయం ఇందుకు భిన్నమైనది. దాని తయారీని, గుణాన్ని, ఆ గుణానికి గల పరిమితిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పువ్వును గూర్చిన జ్ఞానం క్రైస్తవుల చేతుల మీదుగా, ముస్లిముల చేతుల మీదుగా మనకు అందినది. ఆ సంగతి కూడా చెప్పినప్పుడే విషయం పూర్తి అవుతుంది.

బాబూనా చామంతి కుటుంబానికి చెందిన చిన్న మొక్క. దాని పువ్వుకు చుట్టూ తెల్లని రేకులు, నడుమ పసుపుపచ్చని బొడిపె ఉంటాయి. దానికి ఆపిల్ పండు వాసన ఉండుటచేత గ్రీకులు దానికి 'నేల ఆపిల్' అని పేరు పెట్టినారు. కామొమైల్ అనే ఆంగ్లనామం ఆ పేరునుండి పుట్టినదే. యునానీ మందుల దుకాణాలలో ఎండిన పువ్వులు 'గుల్-ఎ-బాబూనా' అనే పేరుతో లభిస్తాయి. పసుపు వన్నె మిగిలి ఉండి, నలిపితే వాసన వచ్చే పువ్వులనే కొనవలెను. మనం దండలు గ్రుచ్చే తోట చామంతి వేరు. దానిని దీనికి బదులుగా వాడరాదు.

తయారీ విధానం సులభం. ఒక మనిషికి రెండు మూడు గ్రాముల ఎండిన పువ్వులు, అనగా సుమారు ఒక పెద్ద చెంచాడు, చాలును. 150 మిల్లీలీటర్ల నీటిని మరిగించి, పొయ్యి మీదనుండి దించి, పువ్వుల మీద పోయవలెను. వెంటనే మూత పెట్టి ఐదునుండి పది నిమిషాలు కదలించకుండా ఉంచవలెను. పిమ్మట వడగట్టి, గోరువెచ్చగా, పడుకొనుటకు కొంత ముందుగా త్రాగవలెను. రుచికి కొద్దిగా తేనె కలుపుకొనవచ్చును.

ఇందులో రెండు మెలకువలు ఉన్నాయి. మొదటిది, పువ్వులను నీటిలో వేసి మరిగించరాదు. రెండవది, మూత తీయరాదు. పువ్వులోని సుగంధ తైలం ఆవిరితో ఎగిరిపోయే స్వభావం గలది. మూత లేకుంటే ఔషధంలో కొంత భాగం గాలిలో కలిసిపోతుంది. ఈ భేదాన్ని మన పూర్వ వైద్యులు చక్కగా గుర్తించినారు. మరిగించి తీసినదానిని యునానీలో జోషాందా అని, నానబెట్టి తీసినదానిని ఖైసాందా అని అంటారు. ఆయుర్వేదంలో మొదటిది కషాయం. వేడినీటిలో నానబెట్టినది ఫాంటం. బాబూనా పానీయం ఈ రెండవ తెగకు చెందినది.

ఇది పనిచేయు విధమేమి? ఈ పువ్వులో ఎపిజెనిన్ అనే పదార్థం ఉన్నది. మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే కొన్ని గ్రాహకాలతో అది కలియగలదని ప్రయోగశాలలలో తేలినది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించిన పరీక్షలో, ఎడతెగని ఆందోళనతో బాధపడేవారికి బాబూనా సారం గల గుళికలు ఎనిమిది వారాలు ఇవ్వగా కొంత మేలు కనిపించినది. అయితే అది గాఢమైన సారం; కప్పు పానీయంలో అంత శక్తి ఉండదు. కనుక దీనిని మనస్సుకు స్వల్పమైన ఊరటగా భావించవలెనే తప్ప రోగాన్ని కుదిర్చే మందుగా భావించరాదు.

కొందరు జాగ్రత్త వహించవలెను. చామంతి జాతి పువ్వులు సరిపడనివారు దీనిని త్రాగరాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు, నిద్రమందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడిగిన పిదపనే త్రాగవలెను. ఏడాది నిండని శిశువుకు తేనె ఎన్నడూ పెట్టరాదు. వారాల తరబడి నిద్ర రాకున్నా, జీవితం మీద ఆశ సన్నగిల్లినా అది పానీయంతో తీరే బాధ కాదు; వైద్యుని వద్దకు వెళ్లవలెను. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి మాట్లాడవచ్చును. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇక చరిత్ర. మొదటి శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ తన ఓషధుల గ్రంథంలో ఈ జాతి పువ్వులను వర్ణించినాడు. ఆ గ్రంథం తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో అరబ్బీ భాషలోకి వచ్చినది. ఆ అనువాదాన్ని సరిదిద్దిన హునైన్ బిన్ ఇస్‌హాక్ క్రైస్తవుడు; ఆయన విద్యను ఆదరించినవారు ముస్లిం ఖలీఫాలు. పిమ్మట ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో బాబూనా గుణాలను వివరించినాడు. పన్నెండవ శతాబ్దిలో క్రెమోనాకు చెందిన గెరార్డు స్పెయిన్‌లోని టొలెడో నగరంలో ఆ గ్రంథాన్ని లాటిన్‌లోకి మార్చగా, యూరపు విశ్వవిద్యాలయాలు శతాబ్దాల పాటు దానిని పాఠ్యగ్రంథంగా చదివినవి. రోగి బాధ ముందు మతభేదం నిలువలేదు.

క్రైస్తవ మఠాలలో కూడా ఓషధుల సేవ సాగినది. ఆరవ శతాబ్దిలో సంత్ బెనెడిక్ట్ రచించిన మఠ నియమావళి, రోగుల సేవను అన్ని పనులకంటె ముందుంచినది. తొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో గీయబడిన సంత్ గాల్ మఠ చిత్రపటంలో వైద్యుని ఇంటి ప్రక్కనే పదహారు మడుల మందుతోట కనిపిస్తుంది. అందులో పుదీనా, మెంతి, జీలకర్ర, సోంపు ఉన్నాయి. ఇవన్నీ నేటికీ మన వంటింటి డబ్బాలలో ఉన్నవే.

ఈ సేవకు మూలమైన బోధలు మత్తయి సువార్తలో ఉన్నాయి. వాటిలో ఒకటి పానీయం త్రాగేవారికి, మరొకటి కాచి ఇచ్చేవారికి వర్తిస్తాయి. ఆరవ అధ్యాయంలో ఈసా అలైహిస్సలాం పొలంలోని పువ్వులను చూపి, వాటిని అలంకరించే దైవం మానవుని మరువడని, రేపటి చింతను నేడే మోయవద్దని బోధిస్తారు. చింతించవద్దు అనగా శ్రమించవద్దు అని అర్థం కాదు. విత్తడం రైతు వంతు. మొలకెత్తించడం అతని చేతిలో లేదు. అట్లే చదవడం విద్యార్థి వంతు; ఫలితాన్ని తలచి నిద్ర పోగొట్టుకొనడం అతని వంతు కాదు. దైవస్మరణలోనే హృదయాలకు నెమ్మది కలుగుతుందని ఖురాన్ పదమూడవ అధ్యాయం కూడా తెలుపుతున్నది.

ఇరువదియైదవ అధ్యాయంలోని బోధ మరింత గంభీరమైనది. రోగిని పరామర్శించినవాడు తననే పరామర్శించినట్లు తీర్పుదినాన ప్రభువు పలుకుతాడు. సహీహ్ ముస్లింలోని ఒక హదీసు కూడా ఇదే భావాన్ని తెలుపుతున్నది: రోగిని చూడబోయినవానికి అల్లాహ్ సాన్నిధ్యం అక్కడనే లభించి ఉండేదని. రెండు మతాల గ్రంథాలు ఇంత దగ్గరగా పలికిన చోటు మరువదగినది కాదు.

కాబట్టి ఈ పానీయంలో పువ్వు చేసే మేలు కొంత, చేసి ఇచ్చే చేయి చేసే మేలు కొంత. వసతిగృహంలో ప్రక్క గదిలోని మిత్రుడు నిద్రలేక దీపం క్రింద కుమిలిపోతున్నప్పుడు, ఒక కప్పు కాచి తీసుకొనిపోయి, అది చల్లారేవరకు అతని మాట వినగలిగితే ఆ ఔషధం సంపూర్ణమవుతుంది.