సీలు మార్చినా ఆయిలు ఎందుకు కారుతోంది?

లారీ ఆపిన చోట తెల్లారేసరికి అరచేయంత నల్లటి మరక. వారం తిరిగేసరికి అది పళ్లెమంత. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిను మోగుతుంది గానీ బండి లాగదు, క్లచ్ జారుతోంది. షెడ్డులో చూపిస్తే "వెనక క్రాంకు సీలు పోయింది" అన్నారు. గేర్‌బాక్సు దించి కొత్తది వేశారు. నెల తిరక్కుండా మళ్లీ అదే మరక. ఎందుకిలా?

పాత డీజిల్ బండ్లు నడిపేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. నా మట్టుకు నేను చెప్పేదేమిటంటే, ఇలాంటి చోట తప్పు సీలుది కావడం తక్కువ. సీలు ఎందుకు పోయిందో చూడకుండా మార్చడం ఒక తప్పు. పాత అలవాటు కొద్దీ కొత్త రకం సీలును బిగించడం ఇంకో తప్పు.

ఊరికే మాట్లాడుకునే కన్నా ఒక ఇంజిన్ని ముందు పెట్టుకుందాం. టాటా లారీల్లో చాలాకాలం వచ్చిన కమిన్స్ 6బిటి. ఆరు సిలిండర్లు, 5.9 లీటర్లు. 1993లో టాటా, కమిన్స్ కలిసి పెట్టిన కంపెనీ జంషెడ్‌పూర్‌లో ఈ ఇంజిన్లు తయారు చేసింది. అమెరికాలో 1989 నుంచి డాడ్జ్ పికప్ బండ్లకు పెట్టిందీ ఈ కుటుంబపు ఇంజినే. అందుకే దీని మంచీ చెడూ విజయవాడ ఆటోనగర్ మేస్త్రికీ తెలుసు, టెక్సాస్‌లో పికప్ నడిపే రైతుకీ తెలుసు.

క్రాంకు రెండు చివరలూ ఇంజిను గోడ దాటి బయటికి రావాల్సిందే. ముందు చివర పుల్లీ, వెనక చివర ఫ్లైవీలు. లోపలంతా ఆయిలు చిమ్ముతూ ఉంటుంది. తిరిగే క్రాంకుకూ, కదలని గోడకూ మధ్య ఉన్న సందును మూయడమే సీలు పని. నిమిషానికి 2500 చుట్లంటే సెకనుకు 40కి పైగా. అంత వేగంలో సీలు లిప్పు క్రాంకును గట్టిగా పట్టుకుంటే మాడిపోతుంది, వదిలేస్తే ఆయిలు కారుతుంది. పాత రబ్బరు సీలులో లిప్పు వెనక సన్నటి స్ప్రింగు చుట్ట ఉంటుంది. అది లిప్పును క్రాంకు మీద తగుమాత్రంగా అదిమి ఉంచుతుంది. మధ్యలో కంటికి కనపడనంత పలచటి ఆయిలు పొర నిలుస్తుంది. ఆ పొర ఉన్నంతకాలం సీలుకు ఆయుష్షు.

ఇంతకీ కారుతున్నది సీలేనా? గేర్‌బాక్సు దించక ముందే ఇది తేల్చుకోవాలి. బెల్ హౌసింగ్ కింద నుంచి చుక్క పడుతోందంటే ఆ ఆయిలు నాలుగైదు చోట్ల నుంచి వచ్చి ఉండొచ్చు. వేలికి అద్దుకుని చూడండి. నల్లగా, పలచగా ఉంటే ఇంజిను ఆయిలు. తేనె రంగులో చిక్కగా ఉండి, ముక్కు దగ్గర పెట్టగానే గంధకం వాసన గుప్పుమంటే అది గేర్ ఆయిలు. అప్పుడు పోయింది గేర్‌బాక్సు ముందు సీలు, క్రాంకు సీలు కాదు. ఇంజిను ఆయిలే అయినా పైన వాల్వు కవరు ప్యాకింగు నుంచో, పక్కన ట్యాపెట్ కవరు నుంచో జారి, బ్లాకు వెంట వెనక్కి పాకి కింద పడుతూ ఉండొచ్చు. ఆయిలు చాంబరు వెనక మూలల్లో ప్యాకింగు నలిగినా మరక అక్కడే పడుతుంది.

ఇంజిను వెనక భాగం డీజిలుతో శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. ఇంట్లో ఉండే టాల్కం పౌడరు అనుమానం ఉన్న చోటల్లా చల్లండి. పావుగంట ఇంజిను నడిపి, ఆపి, టార్చిలైటు వేసి చూడండి. తెల్లటి పొడి మీద ఆయిలు దారి గీత గీసినట్టు కనపడుతుంది. ఆ గీత పై నుంచి దిగి వస్తుంటే మీ సీలు జోలికి పోవద్దు.

సీలేనని తేలింది అనుకుందాం. అప్పుడైనా పానా పట్టుకునే ముందు చూడాల్సింది ఇంకొకటుంది, బ్రీదర్ పైపు. సిలిండర్లో మండిన గాలి కొంచెం రింగులు దాటి కిందికి దిగుతుంది. అది బయటికి పోవడానికే ఆ పైపు. పాత బండికి దాని మూతి దగ్గర మట్టీ ఆయిలూ కలిసి గడ్డకట్టి మూసుకుపోతుంది. పోయే దారి లేని గాలి క్రాంకు చుట్టూ ఒత్తిడి పెంచి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిలును బయటికి నెడుతుంది. సాధారణంగా అలా దొరికిపోయేది సీలే. రెండుసార్లు వెనక సీలు మార్చినా కారడం ఆగని లారీ ఒకదాన్ని నేను చూశాను. మూడోసారి దాన్ని చూసిన మేస్త్రి గేర్‌బాక్సు ముట్టుకోలేదు. బ్రీదర్ పైపు విప్పి, లోపల ఇనప తీగ దూర్చి లాగాడు. తారు ముద్దలాంటిది బెత్తెడు పొడవున ఊడి వచ్చింది. ఆయిలు కారడం ఆ రోజుతో సరి.

పైపు బాగానే ఉండి, ఇంజిను ఐడిల్‌లో ఉండగా ఆయిలు పోసే మూత తీసి తలకిందులుగా అక్కడే పెడితే ఎగిరెగిరి పడుతోందంటే, రింగులూ సిలిండరు గోడలూ అరిగినట్టు. మన షెడ్లలో బ్యాక్ కంప్రెషన్ అంటారు దీన్ని. ఆ స్థితిలో ఎంత మంచి సీలు వేసినా ఎక్కువ కాలం నిలవదు. ఓనరుకు ఆ మాట ముందే చెప్పడం మేస్త్రి ధర్మం.

ఇక విప్పడం. గేర్‌బాక్సు, ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటు, ఫ్లైవీలు, వరసగా దిగుతాయి. చాసిస్ కింద జాకీని నమ్ముకుని దూరొద్దు, గట్టి దిమ్మలు పెట్టండి. ఫ్లైవీలు తీశాక క్రాంకును ముందుకూ వెనక్కూ కదిపి, డయల్ గేజి పెట్టి ఆట చూడండి. 0.43 మిల్లీమీటరు దాటితే థ్రస్టు బేరింగు అరిగింది. ఆడే క్రాంకు మీద సీలు నిలవదు.

పాత సీలును స్క్రూడ్రైవరుతో పెకలించొద్దు. సీలు ఇనప ముఖానికి ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు వేసి, రేకు స్క్రూలు ఎక్కించి, వాటిని పట్టుకుని సమానంగా లాగితే వచ్చేస్తుంది. డ్రిల్లు బిట్టు లోపలికి దిగి క్రాంకును గీకకుండా చెయ్యి బిగబట్టాలి. అక్కడ పడే ఒక్క గీత చాలు, కొత్త సీలు మొదటి రోజు నుంచే కారడానికి.

సీలు వచ్చాక ఆ చోట గోరుతో అడ్డంగా గీయండి. గోరు తగులుకుంటే లిప్పు అన్నేళ్లూ తిరిగిన చోట గాడి పడిందన్నమాట. మెత్తటి లిప్పు ఉక్కును ఎలా అరగదీస్తుంది? అరగదీసేది లిప్పు కాదు, దాని కింద ఇరుక్కున్న దుమ్ము. గాడి కొద్దిగా ఉంటే కొత్త సీలును కాస్త లోతు మార్చి, లిప్పు గాడి పక్కన పడేలా కొట్టొచ్చు. లోతుగా ఉంటే క్రాంకు మీద పలచటి ఉక్కు స్లీవు ఎక్కించాలి, దానికి సరిపోయే సీలు తెచ్చుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. తరాలుగా మన మేస్త్రులు నేర్చుకున్నది ఏమిటి? సీలు లిప్పుకు ఆయిలో గ్రీజో రాసి ఎక్కించాలని. రబ్బరు సీలుకు అది నూటికి నూరుపాళ్లూ సరైన పని. పొడిగా ఎక్కిస్తే మొదటి చుట్లకే రబ్బరు మాడుతుంది. కానీ 6బిటి సీలు లిప్పు రబ్బరు కాదు, టెఫ్లాన్. దాన్ని పొడిగానే ఎక్కించాలి. క్రాంకు కూడా పొడిగా ఉండాలి, చేతివేళ్ల జిడ్డు కూడా అంటకూడదు. ఎందుకంటే ఇంజిను తిరగగానే టెఫ్లాన్ తన ఒంటి నుంచి పలచటి పూత క్రాంకు మీద పూస్తుంది. ఆ పూత మీదే లిప్పు ఇక జీవితమంతా తిరుగుతుంది. ముందే ఆయిలు రాస్తే పూత అంటుకోదు. మంచి మనసుతో రాసిన ఆ చుక్క ఆయిలే నెల తర్వాత మరకై కిందికి దిగుతుంది. చేసిన మేస్త్రి పనిమంతుడే. ఇది వేరే వస్తువని అతనికి చెప్పినవాళ్లు లేరు, అంతే.

కొత్త సీలు లోపల ప్లాస్టిక్ గొట్టం లాంటిది ఉంటుంది. ప్యాకింగ్ సామాను అనుకుని పారేస్తుంటారు. అదే పైలటు. క్రాంకును జీరో ఎమరీతో తుప్పు పోయేదాకా తుడిచి, నూగులేని గుడ్డతో ఆరబెట్టి, ఆ గొట్టాన్ని క్రాంకు అంచుకు ఆనించి, సీలును దాని మీద నుంచి క్రాంకు మీదికి జార్చాలి. లిప్పు మడత పడకుండా కాపాడేది ఆ గొట్టమే. బయటి అంచు రబ్బరైతే సబ్బునీళ్లు, ఇనుమైతే లాక్‌టైట్ రాస్తారు. అదీ బయటి అంచుకే. తర్వాత సీలుతో వచ్చే రింగు పెట్టి, గడియారంలో 12, 6, 3, 9 అంకెలున్న చోట్ల మార్చి మార్చి నెమ్మదిగా తట్టాలి. ఒక పక్కనే కొడితే సీలు వంకర దిగుతుంది. ఫ్లైవీలు బోల్టులు ఎదురెదురుగా, టార్కు పానాతో 137 న్యూటన్ మీటర్లకు బిగించండి. ఆయిలు పీల్చిన క్లచ్ ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయొద్దు. వేడెక్కగానే లోపలి ఆయిలు పైకి తేలి మళ్లీ జారుతుంది.

ముందు సీలుకూ పద్ధతి ఇదే. అయితే దానికోసం టైమింగు కవరు విప్పితే ఒక్క క్షణం ఆగి లోపలికి చూడండి. గేర్ల హౌసింగును బ్లాకుకు సరిచూసి నిలిపే చిన్న ఉక్కు పిన్ను ఉంటుంది. ఏళ్ల తరబడి అదురుకు అది మెల్లగా బయటికి జరిగి, ఒకరోజు తిరిగే గేర్ల మధ్య పడి ఇంజిన్నే ముక్కలు చేసిన సందర్భాలున్నాయి. అమెరికా డాడ్జ్ బండ్ల వాళ్లు దాన్ని చంపే పిన్ను అనే పిలుస్తారు. పిన్నును లోపలికి తట్టి, అది వెనక్కి రాకుండా చిన్న రేకు ముక్కను పక్క బోల్టు కింద బిగిస్తే చాలు.

బండి మొదటి ట్రిప్పు తిరిగి రాగానే బెల్ హౌసింగ్ కింద వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే పని అయినట్టే. తడిగా ఉంటే మాత్రం మరో సీలు కొనకండి, బ్రీదర్ దగ్గర నుంచి మళ్లీ చూసుకుంటూ రండి.